సూర్యునిలో చిమ్ము జ్వాలలు: వాటి నడక, వాటి పురి

(సంఘ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ సంచికకు ఏదైన వ్రాయమని కమిటీవారు నన్ను కోరారు. సంఘ చరిత్ర వ్రాయడానికి నాకంటె తెలిసిన పెద్దలు అనేకులున్నారు. ఆ పని వారికే విడిచి, నేను సమావేశములో సూర్యుని గురించి చేసిన ప్రసంగమునే కాగితము మీద పెట్టి ఇస్తానన్నాను. పాదిరికి సూర్యుని మంటలతో పనేమిటని ఒకరిద్దరు నవ్వారు. పని ఉన్నది. అదేమిటో ముందుగా చెప్పి, తరువాత విషయములోనికి వస్తాను.

2019 డిసెంబరు 26న, క్రిస్మస్ మరునాడు, సూర్యగ్రహణము వచ్చింది. మన వైపు అది పాక్షిక గ్రహణమే. ఉదయము ఎనిమిది దాటిన తరువాత పట్టి, పదకొండు దాటేవరకు ఉన్నది. ముందురోజు రాత్రి మన సంఘములోని ఒక ఇంటివారు నన్ను అడిగారు: "అయ్యగారూ, కోడలికి ఎనిమిదో నెల. రేపు ఏం చేయమంటారు?" పండుగ అలసటలో ఉన్నాను. పెద్దలతో వాదన ఎందుకులే అనుకొని, "పెద్దవాళ్ళు చెప్పినట్టు చేయండమ్మా" అన్నాను. ఆ అమ్మాయిని తెల్లవారకముందే గదిలో పెట్టి, కిటికీలకు దుప్పట్లు కట్టి, మంచినీళ్ళయినా ఇవ్వకుండ పడుకోబెట్టారు. పదకొండున్నరకు తలుపు తీసేసరికి స్పృహ లేదు. దేవుని దయవలన తల్లీ బిడ్డా క్షేమముగా బయటపడ్డారు. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతున్నది. కాని ఆ గది తలుపు మూసింది అత్తగారైతే, గడియ పెట్టింది నా మాట. ఇది నేను మరువలేదు.

2024 మే నెలలో సూర్యునినుండి పెద్ద తుపాను వచ్చిందని పేపర్లలో వచ్చినప్పుడు, అదే అత్తగారు ఆరాధన తరువాత నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, సూర్యుడు మంటలు చిమ్ముతున్నాడంట. మనమీద పడవుగదా?" అని అడిగారు. ఈసారి తప్పించుకోదలచలేదు. తెలిసికొని చెబుతానమ్మా అన్నాను. తెలిసికొన్నది ఇది.

సూర్యుని మంటల కథ మన జిల్లాలకు పరాయిది కాదు. 1868 ఆగస్టు 18, మంగళవారము, ఉదయము తొమ్మిది గంటల ప్రాంతమున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ దక్కను మీదుగా వచ్చి, గుంటూరు, బందరుల మీదుగా సముద్రములోనికి పోయింది. ఆ నీడ సుమారు రెండు వందల కిలోమీటర్లకు పైగా వెడల్పు. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు అన్నీ దాని క్రిందనే ఉన్నవి. అప్పటికే గుంటూరులో, బందరులో, ఏలూరులో మిషనులున్నవి. మన ముత్తాతల కాలపువారు ఆ పట్టపగటి చీకటిలో ఉన్నవారే. తలుపులు మూసుకొన్నవారు ఎందరో, బయట నిలిచినవారు ఎందరో మనకు తెలియదు.

బయట నిలిచినవారిలో కొందరు ఆ పనికోసమే దూరమునుండి వచ్చినవారు. గుంటూరులో జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, మేజర్ టెన్నెంటు నాయకత్వములో ఒక ఆంగ్లేయ బృందము, బందరులో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పోగ్సన్ దుర్భిణులు పెట్టుకొని కనిపెట్టారు. చంద్రుడు సూర్యబింబమును పూర్తిగా కప్పిన ఆ అయిదు నిమిషముల పైచిలుకు కాలములో, నల్లని వలయపు అంచున ఎర్రని నాలుకలు కనబడినవి. అవి చంద్రునివి కావు, సూర్యునివేనని 1860లో వచ్చిన గ్రహణమునాడే తేలింది. అయితే అవి దేనితో చేయబడినవి? ఈ ప్రశ్నతోనే వారు వచ్చారు.

వర్ణపటదర్శిని అనే పరికరము ఒకటున్నది. వెలుగును ఇంద్రధనుస్సువలె రంగులుగా విడదీసి చూపుతుంది. గట్టి వస్తువు కాలితే రంగులన్నీ కలిసిపోయిన పట్టీ వస్తుంది. పలుచని వాయువు మండితే కొన్ని మెరుపుగీతలే వస్తవి. ఏ వాయువుకు ఆ వాయువు గీతలు వేరు. ఆ ఉదయము కనబడినవి మెరుపుగీతలే. అంటే ఆ నాలుకలు మండుచున్న వాయువు, అందులో ముఖ్యముగా హైడ్రోజన్. ఆ గీతలు ఎంత ప్రకాశముగా ఉన్నవంటే, గ్రహణము లేకపోయినా వీటిని చూడవచ్చునని జాన్సెన్‌కు తోచింది. మరునాడు, ఆగస్టు 19న, గుంటూరులోనే, పూర్తి ఎండలో, ఆయన వాటిని చూచారు కూడ. అదే సంవత్సరము అక్టోబరులో ఇంగ్లాండులో లాక్యర్ వేరుగా అదే పని చేశారు. ఆనాటి గీతలలో పసుపుపచ్చని గీత ఒకటి భూమిమీద తెలిసిన ఏ మూలకమునకును సరిపడలేదు. దానికి లాక్యర్ తరువాత కాలములో హీలియం అని పేరు పెట్టారు. 1895లో రామ్సే దానిని భూమిమీదకూడ కనిపెట్టారు.

ఆనాడు టెన్నెంటు బృందము గుంటూరులో తీసిన ఫోటోలలో ఒక జ్వాల పెద్ద కొమ్ములాగ నిలిచి ఉన్నది. భూమి వ్యాసమునకు ఎన్నో రెట్లు ఎత్తు. అది తిన్నగా లేదు. మెలికలు తిరిగి ఉన్నది. ఆ మెలికను గుర్తుంచుకొనండి. నేను చెప్పదలచినదంతా దానిలోనే ఉన్నది.

ఆ నాలుకలలో రెండు రకములున్నవి. కొన్ని రోజులు, వారములు నిలిచి వ్రేలాడే మంటలు. వీటిని నిలువు జ్వాలలు అందాము. రెండవరకము ఒక్కసారి చిమ్మి, నిమిషములలో ముగిసిపోవునవి. వీటిని శాస్త్రజ్ఞులు జెట్లు అంటారు. నేను వీటిని చిమ్ము జ్వాలలు అంటాను. అన్నిటికంటె చిన్నవి సూర్యుని అంచంతటా గడ్డిపరకలవలె లేచి పడుచుంటవి. వాటిని బాగుగా చూచి వర్ణించినవారిలో మొదటివారు రోములోని సెచ్చి అను క్రైస్తవ గురువు. ఆయన అబ్జర్వేటరీ అధిపతి కూడ. ఆ పరకలు పదివేల కిలోమీటర్లు లేచి, అయిదు పది నిమిషములలో పోతవి. చిమ్ము జ్వాలలు వాటికంటె పెద్దవి. 1991లో జపానువారు పంపిన యోకో అను ఉపగ్రహము ఎక్స్‌రే కళ్ళతో చూచినప్పుడు సూర్యుని మీద ఇవి మాటిమాటికి చిమ్ముచుండుట బయటపడింది. 2006లో వెళ్ళిన హినోడే ఇంకా తేటగా చూచి, సూర్యుని ధ్రువములదగ్గరనే రోజుకు పదుల సంఖ్యలో లెక్కపెట్టింది.

వీటి వేగము ఎంత? సాధారణముగా సెకనుకు 200 కిలోమీటర్ల ప్రాంతము. మనకు ఏలూరునుండి తాడేపల్లిగూడెము బస్సులో గంటపైన పడుతుంది. చిమ్ము జ్వాలకు ఆ దూరము సెకనులో నాలుగవ వంతు. కన్ను ఆర్పేలోగా పోయి నిలుస్తుంది.

ఇంత వేగముగా దానిని తోసేది ఏది? తాడేపల్లిగూడెములో రైసుమిల్లు ప్రక్కన నడిచినవారికి ఒక ఊహ రావచ్చును. మిల్లులో గాలి తోసి, ఊకను గొట్టములోనుండి ఆవలికి చిమ్ముతుంది. సూర్యునిలోను క్రింద వేడి పుట్టి, గొట్టములోనుండి వచ్చినట్టు మంట వస్తున్నదా? ఇందులో కొంత నిజమున్నది. మొదలు దగ్గర వేడెక్కిన వాయువు ఉబ్బి పైకి తన్నుకొనిరావడము కూడ ఉన్నది. కాని అంతటితో సరిపోదు. ఎందుకనగా చిమ్ము జ్వాల పైకి పోవడముతోపాటు మరి రెండు పనులు చేస్తుంది. కొరడా ఝళిపించినట్టు ప్రక్కకు ఊగుతుంది. అదికాక తనచుట్టు తాను తిరుగుతుంది. మిల్లు గొట్టములోని ఊక ఈ రెండు పనులూ చేయదు.

తిరుగుతున్నదని ఎట్లా తెలుసు? ఏలూరు స్టేషనులో ఆగని ఎక్స్‌ప్రెస్ కూత వేసుకొంటు పోవడము మీరు విన్నారు. దగ్గరకు వచ్చేటప్పుడు కూత సన్నగా, దాటిపోయిన తరువాత బొంగురుగా వినబడుతుంది. వెలుగుకుకూడ ఈ గుణమున్నది. మనవైపు వచ్చే వాయువు గీతలు నీలమువైపుకు, ఆవలికి పోయే వాయువు గీతలు ఎరుపువైపుకు కొద్దిగా జరుగుతవి. ఎన్నో చిమ్ము జ్వాలలలో ఒక అంచు నీలమువైపుకు, రెండవ అంచు ఎరుపువైపుకు జరిగి కనబడుతుంది. అంటే ఒక ప్రక్క మనవైపు వస్తున్నది, రెండవ ప్రక్క ఆవలికి పోతున్నది. కవ్వము తిరిగినట్టు తిరుగుతున్నదన్నమాట.

ఇక అసలు సంగతి. సూర్యుడు ఒక పెద్ద అయస్కాంతపు రంగస్థలము. 1908లో అమెరికాలో హేల్ అను శాస్త్రజ్ఞుడు సూర్యుని మచ్చలలోని గీతలు చీలియుండుట చూచి, అక్కడ బలమైన అయస్కాంత శక్తి ఉన్నదని ఋజువు చేశారు. దిక్సూచి ముల్లును తిప్పే మన భూమి అయస్కాంతముకంటె అది వేల రెట్లు బలమైనది. మరుసటి సంవత్సరమే, 1909లో, మన కొడైకెనాల్ కొండమీద ఎవర్షెడ్‌గారు ఆ మచ్చలలోని వాయువు లోపలినుండి వెలుపలికి ప్రవహించుచున్నదని కనిపెట్టారు. ఆ కొండమీద నూరు సంవత్సరములకు పైగా, మబ్బులేని రోజులలో, సూర్యుని ఫోటోలు తీస్తూ వచ్చారు.

సూర్యునిలోని వాయువు సామాన్యమైన గాలి కాదు. వేడికి అణువులు పగిలి విద్యుత్తు పట్టియున్నది. దీనిని ప్లాస్మా అంటారు. ఇది అయస్కాంత రేఖలకు దారమునకు గ్రుచ్చిన పూసలవంటిది. దారము పొడవున జారగలదు, దారమును దాటి ప్రక్కకు పోలేదు. కాబట్టి జ్వాల ఎటు పోవాలో నిర్ణయించేది వేడి కాదు, దారము.

మరి ఆ దారము ఎట్లాగున్నది? సమావేశములో నేను చేతిలో పట్టుకొని చూపించినది కిరాణా కొట్టులో పొట్లాలు కట్టే పురికొస. జనపనార మిల్లు ఎరిగిన ఏలూరివారికి పురి అంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఒక కొసను పట్టుకొని రెండవ కొసను త్రిప్పండి. పురి బిగుస్తుంది. ఇంకా త్రిప్పండి. ఇక పట్టజాలక మధ్యలో మెలికపడి లేస్తుంది. ఇప్పుడు ఒక కొసను విడిచిపెట్టండి. గిరగిర తిరిగిపోతుంది. మీ వ్రేళ్ళు త్రిప్పిన కష్టమంతా అందులో దాగియున్నది, విడిచినప్పుడు బయటకు వచ్చింది.

సూర్యునిమీద త్రిప్పే వ్రేళ్ళు ఎవరివి? సూర్యుని పైభాగము పొయ్యిమీద ఎసరువలె ఎప్పుడూ కుతకుత ఉడుకుతున్నది. ఒక్కొక్క బుడగ సుమారు వెయ్యి కిలోమీటర్లు. ఆ ఉడుకులో అయస్కాంత రేఖల పాదములు ఇటు అటు ఈడ్వబడి, ఒకదానిచుట్టు ఒకటి చుట్టుకొంటవి. చిన్న చిన్న వంపులు పురెక్కి, తమలో చల్లని వాయువును మోసికొని బిగుసుకొని కూర్చుంటవి.

ఇక్కడ కొల్లేటివారు నాకు సాయపడాలి. గట్టుకట్టిన చేపల చెరువులో నీరు ఉన్నచోటనే ఉంటుంది. ఉప్పుటేరులో పడిన నీరు సముద్రమునకు పోతుంది. సూర్యునిలోను రెండు తీరుల రేఖలున్నవి. కొన్ని ఒకచోట లేచి వంపు తిరిగి మరియొకచోట దిగేవి. ఇవి గట్టుకట్టిన చెరువులు. కొన్ని పైకి లేచి తిరిగి దిగక అంతరిక్షములోనికి చాచుకొని పోయేవి. ఇవి ఉప్పుటేరు. ఇప్పుడు ఉప్పుటేరు ప్రక్కనే ఒక చెరువు గట్టు ఉబ్బి ఏటిని ఒరుసుకొన్నదనుకొనండి. గండి పడితే ఏమవుతుంది? చెరువులో బందీగా ఉన్న నీరు ఏటిలో పడి సముద్రమువైపు ఉరుకుతుంది.

సూర్యునిలో గండిపడే తీరు ఒక్క విషయములో వేరు. ఎదురెదురు దిక్కులకు పోయే రెండు రేఖలు ఒరుసుకొన్నచోట అవి తెగి, ఒకదాని సగము రెండవదాని సగముతో అతుక్కొంటుంది. రెండు దారములను కత్తిరించి కొసలు మార్చి ముడివేసినట్టు. ఆ క్షణమున దాగియున్న శక్తి వేడిగాను వేగముగాను మారుతుంది. క్రింద కొత్తగా ముడిపడిన చిన్న వంపు మెరుస్తుంది. పైన కొత్తగా తెరుచుకొన్న రేఖ వెంబడి జ్వాల చిమ్ముతుంది. చిత్రములో చూస్తే తలక్రిందులుగా పట్టుకొన్న పంగలకర్రవలె ఉంటుంది. పంగ క్రింద, కర్ర పైన.

పురి సంగతి ఏమయినది? చిన్న వంపులో బిగిసియున్న పురి తెగి అతుకుకొన్నప్పుడు ఆ తెరుచుకొన్న రేఖలోనికి పోతుంది. దానికి పై కొస పట్టుకొనేవారు లేరు. కాబట్టి పురి విప్పుకొంటు పైకి పరుగెత్తుతుంది. వాయువు దానితోకూడ తిరుగుతూ లేస్తుంది. తెగిన రేఖ తిన్నబడేటప్పుడు కొరడావలె ప్రక్కకు ఊగుతుంది. పైకి పోవుట, ఊగుట, తిరుగుట, ఈ మూడు నడకలకు కారణము ఒక్కటే. 1868లో గుంటూరు ఆకాశమున ఆ కొమ్మువంటి జ్వాల మెలిక తిరిగియుండుట ఎందుకో ఆనాడు చెప్పగలవారు లేరు. అది చిమ్ము జ్వాల అని నేను అనడము లేదు. కాని సూర్యుని మంటలకు రూపమిచ్చేది ఈ అయస్కాంతపు దారములే, ఆ మెలికకు అర్థము చెప్పగలిగేవీ ఇవే.

అయితే ఆ తల్లి ప్రశ్న మిగిలియున్నది. మంటలు మనమీద పడవా? పడవమ్మా. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరములో ఉన్నాడు. చిమ్మిన వాయువులో చాలభాగము సూర్యుని ఆకర్షణకు లోబడి వచ్చిన దారినే క్రిందికి జారుతుంది. మిగిలినది ఎంతో పలుచబడి, సూర్యునినుండి ఎల్లప్పుడు వీచే కణముల గాలిలో కలుస్తుంది. 2023లో లక్ష్మీ ప్రదీప్ చిట్టా నాయకత్వములో శాస్త్రజ్ఞులు సోలార్ ఆర్బిటర్ అను నౌక తీసిన చిత్రములు పరిశీలించి, అతి చిన్న జెట్లు, నిమిషము ప్రాంతమే నిలిచేవి, సెకనుకు సుమారు 100 కిలోమీటర్ల వేగముతో చిమ్ముచున్నవని, ఆ గాలిని పోషించేవి అవే కావచ్చునని తెలిపారు. చిన్నవేగదా అనడానికి లేదు. చిన్న బోదెలన్నీ కలిసియే కాలువ నిండుతుంది.

పెద్ద తుపానులు వేరు. అవి సూర్యుని పై వాతావరణములోని పెద్ద ముక్కలే ఊడిపడి రావడము. అవికూడ మన ఒంటిని తాకవు. భూమికి తన అయస్కాంతము, తన గాలిపొర రెండు గొడుగులు. తాకేది మన సాధనములను. 1989 మార్చి 13న అటువంటి తుపానుకు కెనడాలో క్విబెక్ రాష్ట్రమంతా కరెంటు పోయి, సుమారు తొమ్మిది గంటలు చీకటిలో ఉన్నది. బంగాళాఖాతములో వాయుగుండము పుట్టినదని మనకు ముందుగా చెప్పేది ఉపగ్రహములే. వాటి క్షేమము మన క్షేమమే. అందుకే 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోటనుండి ఆదిత్య ఎల్1 బయలుదేరి, 2024 జనవరి 6న భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరములోని తన చోటికి చేరింది. గ్రహణపు నీడ అడ్డము రాని చోట నిలిచి సూర్యుని చూచుటకే దానిని అక్కడ పెట్టారు. గుంటూరు నేలమీద ఒక మనిషి గ్రహణము లేకుండ జ్వాలను చూచిన 155 సంవత్సరములకు, ఆంధ్ర తీరమునుండే ఈ నౌక పోయింది.

కాబట్టి నా మాట ఇది. గ్రహణమునాడు సూర్యుడు కొత్తగా ఏమియు విడిచిపెట్టడు. చిమ్ము జ్వాలలు నిన్నా చిమ్మినవి, ఈ పూటా చిమ్ముచున్నవి, మనము కళ్ళాపి చల్లినప్పుడు, చేపలు పట్టినప్పుడు, ఆరాధనకు కూడినప్పుడు చిమ్ముచునే ఉన్నవి. చంద్రుడు అడ్డము వచ్చిన ఆ కొద్ది గంటలలో గర్భిణి నీళ్ళు త్రాగితే బిడ్డకు కీడు వచ్చుటకు కారణమేమియు లేదు. నీళ్ళు లేకపోతేనే కీడు. జాగ్రత్త ఒక్క కంటికే. సూర్యుని నేరుగా చూడరాదు. నల్లద్దాలతోను, పాత ఎక్స్‌రే ఫిల్ములతోను చూడరాదు. జల్లెడ తీసికొని ఎండలో పట్టండి. నేలమీద ప్రతి రంధ్రమునకు ఒక చిన్న గ్రహణపు సూర్యుడు పడతాడు. పిల్లలకు అది చూపించండి.

ఆ అత్తగారు సమావేశములో ముందువరుసలో కూర్చుండి ఇదంతా విన్నారు. పురికొస చేతికి ఇస్తే తానుకూడ త్రిప్పి విడిచి చూచారు. చివరకు ఒక్క ప్రశ్న అడిగారు: "ఇదే ముందు చెప్పియుంటే బాగుండేది గదా అయ్యగారూ." నిజమే. తెలిసికొనే అవకాశముండి తెలిసికొనక, అడిగినవారికి సులువైన మాట చెప్పి పంపితిని. ఈసారి గ్రహణము వచ్చినప్పుడు ఏ ఇంట గర్భిణి ఉంటే ఆ ఇంటికి ముందురోజే నేను వస్తాను. మీరు అడిగేవరకు ఆగను.